లారీల వరసలో రత్నాకర్ గారు

మా రత్నాకర్ గారికి తొందర అనేది పుట్టుకతోనే లేదు. ఆయన పొద్దుటి టీ ముగించేసరికి మేం భోజనాలకు లేస్తాం. పోనీ ఉద్యోగమైనా మారుస్తుందా అంటే, అబుదాబిలో మఫ్రఖ్ దగ్గర మా ప్రయోగశాలలో ఆయన తయారుచేసేది అంతరిక్ష నౌకలకు అయాన్ ఇంజన్లు. అవి నౌకను నెట్టే బలం అరచేతిలో పెట్టిన కాగితం బరువంత. ఆ మాట చెప్పి ఊరుకోరు, కనపడ్డవాళ్ల అరచేతిలోనల్లా కాగితం పెడతారు. దుబాయ్ డేరా బజారులో చేపలవాడి చేతిలోనూ పెట్టారు. వాడు దానిమీద ఫోన్ నంబరు రాసి తిరిగిచ్చాడు.

"అరవై నాలుగులో రెండింజన్లు పైకి పంపారమ్మా మంజులా. ఒకటి అలిగి కూర్చుంది. రెండోది అరగంట నడిచింది. ఆ అరగంటే ఇవాళ మనకి అన్నం పెడుతోంది."

"ఆ అరగంట కథ మీరు గంట చెప్తారండీ!"

ఆఫీసు వ్యవహారాలు చూసేదాన్ని కాబట్టి నేను తప్పించుకోలేను.

కిందటి ఆగస్టులో అమూల్య కొంప ముంచుకుంది. కొత్త ఇంజనీరు, ఇంకా ప్రొబేషన్. ఇంజన్‌ని వెలిగించే కాథోడ్ చల్లారకముందే, గాలి తోడేసిన పెట్టె తలుపు తెరిచింది. ఉక్కపోత గాలి తగిలి కాథోడ్ పాడైంది. కొత్తది బిగించి, మళ్లీ గాలి తోడి, గంటలకొద్దీ మెల్లగా కాచాలి. మా ముదీర్, అంటే మా పై మేనేజరు, ఆ పొద్దున్నే దుబాయ్‌లో దిగుతున్నాడు. "నేను వచ్చేసరికి ఇంజన్‌లో నీలం వెలుగు కనపడకపోతే అమూల్య ఖలాస్" అని ముందే చెప్పేశాడు.

"మధ్యాహ్నం దాకా అవదు సార్. నా పనైపోయింది," అని ఏడ్చింది అమూల్య.

"నువ్వు దాన్ని కాచుకోమ్మా. ముదీర్‌ని నేను తీసుకొస్తాను."

ఆ పిల్ల ఏడుస్తుంటే ఈయనకు షికారు కావలసొచ్చిందా అని నాకు ఒళ్లు మండింది. అయినా తోడు వెళ్లాను.

ముదీర్‌ని దుబాయ్‌లో ఎక్కించుకుని తిరిగి వస్తుంటే, రత్నాకర్ గారు ఫుజైరా కొండల నుంచి రాళ్లు మోసుకొస్తున్న లారీ ఒకటి చూసి, దాని వెనకే చేరారు. పక్కనుంచి లోకమంతా వెళ్లిపోతోంది.

"రత్నాకర్, యల్లా! జల్దీ చలావ్!"

"యస్ సర్," అని ఇంకాస్త తగ్గించారు. పెట్రోలు బంకులో ఆపి, ముదీర్ అరచేతిలో కాగితం పెట్టారు.

"అరే, యే చార్ బార్ దిఖాయా తూనే!"

"పాంచ్‌వీ బార్ సర్," అని అరవై నాలుగు నుంచి మొదలుపెట్టారు.

గంటన్నర దారి మూడున్నర గంటలైంది. ముదీర్ కారు దిగి, తలుపు ధడేల్మని వేసి లోపలికి దూసుకెళ్లాడు. పెట్టె కిటికీలో నీలం వెలుగు నిలకడగా ఉంది. ఆ పక్కనే అమూల్య ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"మాషా అల్లా," అన్నాడు ముదీర్. "అమూల్యా, కల్ సే తుమ్ పక్కా."

రత్నాకర్ గారు నన్ను పక్కకు పిలిచారు. "ఆ పిల్ల పొద్దుట్నుంచీ ఏం తినలేదమ్మా. పద, బిర్యానీ తెద్దాం."

కారెక్కి బెల్టు పెట్టుకునేలోపే గేటు దాటేశాం. ఇక్కడ అందరికంటే వేగంగా పోయేవాళ్ల ఎడమ చివరి వరసలో దూసుకుపోతుంటే లారీలన్నీ వెనక్కి పోతున్నాయి. నేను సీటు గట్టిగా పట్టుకున్నాను.

"ఏవండీ! మీకు ఇలా నడపడం వచ్చా?"

"రాకేమమ్మా! పొద్దుట్నుంచీ బ్రేకు మీదే ఉంచి ఉంచి, కాలు పీకేస్తోంది."