లింగస్వామి ఇంటి నాలుగు బటన్ల బోర్డు

మోత్కూరు బస్టాండు పక్క సందులో దస్తగిరికి చిన్న దుకాణం ఉండేది. పైన పేరు రాసిన బోర్డేమీ లేదు. కాలిపోయిన మోటార్లు నాలుగు గుమ్మం ముందు పడి ఉండేవి, అదే గుర్తు. చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్లలో ఎవరింట్లో బల్బు వెలగకపోయినా, ఎవరి బావి దగ్గర మోటారు మూలిగినా ఆయన కోసమే వచ్చేవాళ్లు. ఈ పని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పీర్ల పండుగకు చావిడి మీద సీరియల్ బల్బులు కట్టడంతో మొదలైంది. తర్వాత కాలిన మోటార్లు విప్పి, రాగి తీగ ఎన్ని చుట్లుందో చూసుకుంటూ, వేళ్లు కాల్చుకుంటూ నేర్చుకున్నాడు.

ఆయనకో అలవాటుంది. ఏ తీగనైనా, ఏ ఇనుప డబ్బానైనా ముందు వేళ్ల వెనక వైపుతో తాకి చూస్తాడు. అరచేత్తో పట్టుకుంటే కరెంటుకు చెయ్యి ముడుచుకుపోయి ఆ తీగనే గట్టిగా పట్టేసుకుంటుంది, ఇక విడిపించేవాడుండడు. వెనక వైపుతో తాకితే చెయ్యి తనంతట తానే విదిలించుకుంటుంది. ఈ ఒక్క అలవాటుతోనే ఇరవై ఏళ్లు బతికి బట్టకట్టానని భార్య తాహేరాతో అంటుండేవాడు. జాగ్రత్త తెలియని మనిషి కాదు. ఆ మాటే ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ ఎండాకాలం ఆయన చేసింది తెలియక చేసింది కాదు.

తొంభై నాలుగులో లింగస్వామి ఆయన్ను పిలిపించాడు. లింగస్వామికి రెండు లారీలు, మోత్కూరుకు ఆరు మైళ్ల దూరంలో ఒక ఊళ్లో డాబా ఇల్లు. ఏదో పని మీద హైదరాబాదు పోయి పెద్ద హోటల్లో ఒక రాత్రి దిగాడట. అక్కడ మంచం పక్కన గోడకు ఒక పలక. దాని మీద ఒక బటన్ నొక్కితే గదిలో దీపాలన్నీ వెలుగుతాయి, ఇంకొకటి నొక్కితే ఒక్క చిన్నదీపం తప్ప అన్నీ ఆరిపోతాయి. అది చూసి వచ్చినప్పటి నుంచీ ఆయనకు తన ఇంట్లో స్విచ్చులన్నీ చవకబారుగా కనబడసాగాయి.

"దస్తగిరీ, గసుంటిది నా ఇంట్ల గావాలె. ఒక్కటి ఒత్తితె ఇల్లంత ఎలగాలె. ఇంకోటి ఒత్తితె అన్ని బంద్ గావాలె. వచ్చే నెల నా మన్మరాలి తొట్టెల ఉంది, ఆ లోపల్నే గావాలె. నీతోని అయితదా, పట్నం నుంచి మనిషిని పిలిపియ్యాల్నా?"

ఆ చివరి మాట దస్తగిరికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "పట్నపోడు గూడ నా లెక్కనే రెండు చేతులతోని చేస్తడు సేటూ. నేను జేస్త," అన్నాడు.

హైదరాబాదు ట్రూప్ బజారుకు పోయి కాలింగ్ బెల్లు బటన్లు నాలుగు తెచ్చాడు. పాత మోటారు స్టార్టర్లలోంచి ఇనుప కాంటాక్టర్లు పీకి, శుభ్రం చేసి, బోర్డు వెనక ఒక డబ్బాలో బిగించాడు. బటన్ నొక్కితే లోపల ఇనుము టక్కున వచ్చి అతుక్కుంటుంది, దానితోపాటు పది లైట్లూ ఒక్కసారిగా వెలుగుతాయి. ఏ బటన్‌కు ఏ లైట్లు రావాలో పదిహేను రోజులు దుకాణంలో కూర్చుని కాగితాల మీద గీసుకున్నాడు. తాహేరా పదో తరగతి దాకా చదివింది, చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ఆమెతో తెల్ల పెయింటుతో పేర్లు రాయించాడు: చుట్టాలు, పూజ, పండుకునుడు, అన్నీ బంద్. 'చుట్టాలు' నొక్కితే హాలు, వరండా, మేడ మెట్లు, గేటు, పెరడు, రెండు కూలర్లు, అన్నీ ఒకేసారి మొదలవుతాయి. 'పండుకునుడు' నొక్కితే వరండాలో ఒక్క జీరో బల్బు మిగులుతుంది.

"గిన్ని ఒక్కపారే పడితె తట్టుకుంటదా?" అని తాహేరా కుంచె కడుగుతూ అడిగింది.

"డబ్బకేం గాదు," అన్నాడు దస్తగిరి. అది నిజమే. డబ్బాకు ఏమీ కాలేదు.

ఇక్కడ ఆ ఊరి కరెంటు సంగతి చెప్పాలి. కరెంటు ఇంటికి రావడానికి ఒక తీగ, తిరిగి పోవడానికి ఒక తీగ ఉండాలి. లింగస్వామి వాడలో తిరిగిపోయే తీగ పదేళ్ల కింద గాలిదుమారానికి తెగిపోయింది. దాన్ని మళ్లీ కట్టమని రెండు మూడుసార్లు అడిగి అందరూ ఊరుకున్నారు, ఎందుకంటే అంతలోనే సులువు దారి దొరికింది. ఇంటి వెనక గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి, ఇనుప పైపు పాతి, ఇంట్లో నుంచి వచ్చే తీగ దానికి చుట్టేస్తే చాలు, కరెంటు భూమిలోకి పోతుంది. దీపాలు వెలుగుతాయి. వాడంతా అదే పద్ధతి. లింగస్వామి ఇంట్లో ఆ పైపు పాతింది దస్తగిరే.

కాకపోతే ఎండాకాలం నేల ఎండిపోయి దీపాలు గుడ్డిగా వెలుగుతాయి. అప్పుడు పైపు మూతిలో గరాటు పెట్టి బిందెడు నీళ్లు పోస్తే లైట్లు మళ్లీ తెల్లగా అవుతాయి. పశువులకు కుడితి పెట్టినంత మామూలుగా అక్కడి ఆడవాళ్లు ఆ పైపులకు నీళ్లు పోసేవాళ్లు. లింగస్వామి ఇంట్లో ఆ పని గుర్వమ్మది. ఆమె ఆ ఇంట్లో వాకిలి ఊడ్చి, బోళ్లు తోమి, నీళ్లు మోసే ముసలమ్మ. అరవై దాటింది. పైపుకు నీళ్లు పొయ్యమని ఆమెకు నేర్పింది కూడా దస్తగిరే. ఒకటో రెండో బల్బులు వెలిగినంత కాలం ఆ పైపులో చీమ కుట్టినంత కూడా తెలిసేది కాదు, ఎవరికీ ఏమీ కాలేదు.

తొట్టెల పండుగకు మూడు రోజుల ముందు, పగటిపూట, బోర్డు గోడకు ఎక్కింది. దస్తగిరి 'చుట్టాలు' నొక్కాడు. టక్కుమంది. ఇల్లంతా వెలిగింది, కూలర్లు తిరిగాయి, లింగస్వామి చిన్నపిల్లాడిలాగా నవ్వాడు. దస్తగిరి పెరట్లోకి పోయి అలవాటు ప్రకారం వేళ్ల వెనక వైపుతో పైపును తాకాడు.

చెయ్యి విసిరి కొట్టినట్టయింది. వెనక్కి పోయి జామచెట్టుకు గుద్దుకున్నాడు. మోచేతి దాకా మొద్దుబారిపోయింది. కాసేపు అక్కడే కూర్చుని చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. ఒక్కో స్విచ్చు వేసే రోజుల్లో కొంచెం కొంచెంగా భూమిలోకి పోయిన కరెంటు ఇప్పుడు ఒక్క బటన్‌తో మొత్తం ఈ పైపు మీదే పడుతోంది. దీన్ని అరచేత్తో పట్టుకున్న మనిషి విడిచిపెట్టలేడు. ఆ సంగతి ఆయనకు ఆ క్షణమే పూర్తిగా అర్థమైంది.

అదే మధ్యాహ్నం లైన్‌మన్ ఐలేశం దగ్గరికి సైకిలేసుకుని పోయాడు. తెగిన తీగను మళ్లీ గుంజి కట్టాలని అడిగాడు.

"మూడు స్తంభాలే గదా అన్నా, కట్టొచ్చు. గని లైన్ బంద్ పెట్టియ్యాలె, అడిగి పర్మిషన్ దేవాలె. వచ్చే సోమారం జేద్దాం," అన్నాడు ఐలేశం.

తొట్టెల బేస్తవారం. దస్తగిరి తిరిగొచ్చి లింగస్వామికి చెప్పాడు. "సేటూ, వచ్చే సోమారం దాక బోర్డు వాడొద్దు. పైపుల కరెంటు మస్తుగొడుతాంది. పానం మీదికొస్తది."

లింగస్వామి మొహం మాడిపోయింది. "పదేండ్ల సంది గా పైపు మీదనే ఎలుగుతలేవా? ఎవరికన్న ఏమన్నయిందా? చుట్టాలందరికి చెప్పుకున్న దస్తగిరీ. ఇప్పుడు లేదంటె నా ఇజ్జతేం గావాలె, నీ ఇజ్జతేం గావాలె?"

అప్పుడే బోర్డు తీగలు పీకేసి ఇంటికి పోయుంటే ఈ కథే లేదు. ఒక నాలుగు రోజులు తిట్లు పడేవి, అంతే. కానీ పదిహేను రోజులు కూర్చుని చేసిన వస్తువు గోడ మీద తళతళలాడుతోంది. చుట్టాల్లో హైదరాబాదు వాళ్లు కూడా ఉన్నారని విన్నాడు. వాళ్ల ముందు అది వెలగాలని ఆయనకూ ఉంది. లింగస్వామి కంటే ఎక్కువే ఉంది.

అందుకని సగం పని చేశాడు. పైపు చుట్టూ ముళ్లకంప వేశాడు. గుర్వమ్మను పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

"అవ్వా, జర మంచిగిను. లైట్లు ఎలుగుతున్నప్పుడు గీ పైపు దిక్కు రావొద్దు. ముట్టొద్దు. ముడితె సస్తవ్."

"అయ్యో, మరి నీళ్లు పొయ్యకుంటె లైట్లు గుడ్డిగైతయి గద బిడ్డా?"

దస్తగిరికి బోర్డు గుర్తొచ్చింది. నేల ఎండి ఉంటే 'చుట్టాలు' నొక్కినప్పుడు దీపాలన్నీ ఎర్రగా, నీరసంగా వస్తాయి. అందరూ నవ్వుతారు.

"పొయ్యాల్నంటె ముందుగాల్నే పొయ్యి. లైట్లు ఎయ్యకముందే పోసి ఎల్లిపో," అన్నాడు.

"గట్లనే బిడ్డా. లైట్లు ఎయ్యకముందే. యాదుంచుకుంట."

అసలు పొయ్యొద్దు అనాల్సిన చోట ఆ మాట అన్నాడు. ఎందుకన్నాడంటే బోర్డు పరువు కోసం. ఇంకో కారణం వెతికినా దొరకదు. మూడు రాత్రులు ఆయనకు సరిగా నిద్ర పట్టలేదు. లేచి కూర్చుని, చెప్పాను గదా, ఆమె విన్నది గదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

బేస్తవారం సాయంత్రం ఇల్లు కిటకిటలాడింది. పొద్దున లింగస్వామి బతిమిలాడితే షామియానా ట్యూబులైట్లు పన్నెండూ కూడా దస్తగిరి 'చుట్టాలు' కిందికే కలిపాడు. ఇంకా ఎక్కువ బరువు ఆ పైపు మీద వేశాడన్నమాట. 

లింగస్వామికి ఇంకో ముచ్చట పుట్టింది. మునిమాపు దాటినా ఇంట్లో ఒక్క లైటు వెయ్యొద్దన్నాడు. పిల్లను తొట్టెలలో వేసే సమయానికి, అందరూ చీకట్లో చూస్తుండగా, ఒక్క బటన్‌తో ఇల్లు వెలగాలి. ఏడయింది. చీకటి పడింది. ఆడవాళ్లు తొట్టెల చుట్టూ గుమిగూడారు, ఎవరి కాళ్లు ఎవరు తొక్కుతున్నారో తెలియక నవ్వుకుంటున్నారు. దస్తగిరి బోర్డు పక్కన నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వెన్నుకు అతుక్కుపోయింది. గుంపులో గుర్వమ్మ కోసం కళ్లతో వెతికాడు. చీకట్లో మొహాలు ఆనలేదు.

"ఒత్తు దస్తగిరీ! నీ చేతులతోనే ఒత్తు!" అని లింగస్వామి కేకేశాడు.

నొక్కాడు. టక్కుమంది.

ఇల్లంతా ఒక్కసారిగా భగ్గున వెలిగింది. షామియానా, మెట్లు, గేటు, అన్నీ. జనం హో అని అరిచి చప్పట్లు కొట్టారు. హైదరాబాదు చుట్టమెవరో "వహ్వా!" అన్నాడు.

దస్తగిరి పైకి చూశాడు. బల్బులు తెల్లగా వెలుగుతున్నాయి. అంత బరువుకు, అంత ఎండిన నేలకు అవి గుడ్డిగా రావాలి. ఎర్రగా రావాలి. మూడు రోజుల కింద పరీక్షించినప్పుడు కూడా ఇంత తెలుపు లేదు. గుంతలో అప్పుడే ఎవరో నీళ్లు పోస్తే తప్ప ఇంత తెల్లగా రావు.

'అన్నీ బంద్' మీద గుద్దాడు. ఇల్లు మళ్లీ చీకటైంది. అదీ తమాషాలో భాగమే అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య, మనుషుల్ని తోసుకుంటూ ఆయన పెరట్లోకి పరుగెత్తాడు.

ముళ్లకంప పద్ధతిగా పక్కకు జరిపి ఉంది. గుర్వమ్మ తడి మట్టిలో పైపు పక్కన ఒరిగి ఉంది. ఒక చెయ్యి ఇంకా పైపు చుట్టూ ముడుచుకునే ఉంది. బిందె దొర్లి, నీళ్లు ఇంకా కారుతున్నాయి. దస్తగిరి ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. రొమ్ము మీద ఒత్తాడు, పేరు పెట్టి పిలిచాడు. దవాఖానకు జీపులో తీసుకుపోయారు, ప్రాణం లేదని దారిలోనే తెలిసిపోయింది.

లైట్లు ఎయ్యకముందే పొయ్యమన్నాడు. ఆమె సరిగ్గా అలాగే చేసింది. చీకటిగా ఉంది గనుక, లైట్లు వెయ్యలేదు గనుక వెళ్లింది. బటన్ మీద వేలు ఆయనది.

ఊళ్లో ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. ముసలిది, చీకట్లో జారిపడింది, గుండె ఆగిందన్నారు. లింగస్వామి కూడా అదే అన్నాడు. ఆమెను మట్టి చెయ్యడం అయిపోయింది. తనను తిట్టిన మనిషి ఒక్కరున్నా బాగుండేదని దస్తగిరి తాహేరా దగ్గర ఏడ్చాడు.

సోమవారం పొద్దున్నే ఐలేశం వచ్చాడు. ఇద్దరూ మూడు స్తంభాలెక్కి తెగిన తీగ గుంజి కట్టి, ఇంటి తీగ దానికి కలిపారు. పదేళ్లు ఆగిన పని అన్నం వేళకు అయిపోయింది. దస్తగిరి గడ్డపార తీసుకుని పైపు పీకేద్దామని పెరట్లోకి పోయాడు.

అక్కడ నర్సింగమ్మ నిలబడి ఉంది, గుర్వమ్మ బిడ్డ. తల్లి చేసే పనికి ఆ పొద్దుటి నుంచే కుదిరింది. చంకలో నిండు బిందె.

"అన్నా, అవ్వ ఎప్పుడు నీ మాటనే చెప్పేది. దస్తగిరి చెప్పినట్టే జెయ్యాలె అనేది," అంది నర్సింగమ్మ. ఆమె గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు, నిజంగానే అడుగుతోంది. "నాకు గూడ జర చెప్పు. ఏ యాళ్లకు పొయ్యాలె? లైట్లు ఎయ్యకముందా, ఏసినంకనా?"

దస్తగిరి గడ్డపార కింద పడేశాడు. రెండు చేతులతో ఆమె చంకలో బిందె అందుకుని నీళ్లు జామచెట్టు మొదట్లో కుమ్మరించాడు.

"పొయ్యకు చెల్లే. ఎన్నడు పొయ్యకు," అన్నాడు. గడ్డపార మళ్లీ అందుకుని పైపు మొదట్లో తవ్వడం మొదలుపెట్టాడు.