కచేరీ సావిడిలో పిన్ని

మొన్న మా కోడలు ఫోనులో ఏదో హోటల్ వీడియో చూపించి, సత్తెనపల్లి దగ్గర ఇంత పాత భవంతి ఉందని మీరెప్పుడూ చెప్పలేదేమిటత్తయ్యా అంటే, కళ్లజోడు సర్దుకుని చూసి నిర్ఘాంతపోయాను. అది మా పిన్ని అత్తవారిల్లు. జరీ చీర కట్టుకున్న ఒక అమ్మాయి కచేరీ సావిడిలో ఊయలబల్ల పక్కన నిలబడి, రాణీగారు రోజూ సాయంత్రం ఇక్కడే కూర్చుని ప్రజల గోడు వినేవారని చెబుతోంది.

మన వయసువాళ్లకు విడమరిచి చెప్పాలా, ఆ జమీందారీ ఇళ్లలో ఆడవాళ్లకు ఘోషా ఉండేది, పరాయి మగవాడి కంట పడకూడదు. పిన్ని కాపురానికి వచ్చిన రోజున కూడా తెర కట్టిన గూడుబండిలో దొడ్డి గుమ్మం నుంచే లోపలికి వెళ్లింది. సెలవులకు వెళితే మేమూ అంతే, మిరపకాయలు ఆరబోసిన పెరట్లోంచి తుమ్ముకుంటూ వంటింట్లో తేలేవాళ్లం. ముందున్న ఆ కచేరీ సావిడి అంటే మాకు తలుపవతల మగవాళ్ల దగ్గులూ, నవ్వులూ, చుట్టవాసనా, అంతే. బయట ఘోషాలు పోయినా ఆ ఇంట్లో అత్తగారు బతికినన్నాళ్లూ ఆవిడ మాటే చెల్లింది, ఆవిడ తర్వాత బాబాయి కూడా పోవడంతో విధవ ముందుకు రాకూడదన్న మరో కట్టు వచ్చి పడింది.

పిల్లలు లేని పిన్ని చివరికి చిలకలూరిపేటలో నా దగ్గరికి వచ్చేసింది. నేనప్పుడు అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక ఆవిడ మరిది కొడుకు ఆ ఇంటిని హోటల్ వాళ్లకిచ్చి, ప్రారంభానికి రమ్మని స్వయంగా పిలవడానికి వచ్చాడు. అసలే గుండెజబ్బు మనిషి, వంశం పరువు తీశారని ఏడ్చి ప్రాణం మీదికి తెచ్చుకుంటుందేమోనని నేను హడలిపోతుంటే, ఆవిడ మంచి చీర ఒకటి ఇస్త్రీకి ఇవ్వమంది.

కారు తిన్నగా సింహద్వారం ముందు ఆగింది. పిన్ని దిగలేదు. మొహమంతా చెమటలు పట్టడం చూసి నేను సంచీలో మాత్రలు వెతకబోయాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఇటునుంచి నాకు దారి తెలీదే” అంది.

ఇన్నేళ్లు కాపురం చేసిన ఇంటి ముందుభాగాన్ని ఆవిడ మొదటిసారి చూస్తోంది. ఆ సంగతి అంతవరకూ మా ఎవరికీ తట్టనే లేదు.

గుమ్మంలో హోటల్ అమ్మాయి వచ్చినవాళ్లందరికీ పెట్టినట్టే పిన్నికీ బొట్టు పెట్టబోయింది. మరిది కొడుకు కంగారుగా అడ్డం రాబోయేలోగా పిన్ని నుదురు ముందుకు వంచింది. తర్వాత నెమ్మదిగా సావిడిలోకి నడిచి, ఆవిడ మామగారు తప్ప మరొకరు ఎక్కని ఊయలబల్ల మీద కూర్చుంది. కాళ్లు నేలకు అందలేదు.

“పెద్దమ్మా, వెనకవైపు మీ పాత గదే మీకోసం అట్టిపెట్టించాను” అన్నాడతను, మర్యాద చేస్తున్నాననుకుంటూ.

“నాకది వద్దురా అబ్బాయ్. వీధి కనపడేది ఇవ్వమను.”

పత్తి బేళ్ల లారీలు పోతుంటే చూస్తూ దీపాలు పెట్టేదాకా ఆ ఊయలబల్ల మీదే కూర్చుంది. మిరపకోతల నుంచి వస్తున్న ఆడవాళ్లు గేటు దగ్గర నిలబడి వింతగా చూస్తుంటే, కాపలావాడు వారిస్తున్నా లోపలికి పిలిచి, ఏ ఊరే, ఎవరి చేలోనే, పిల్లలెంతమందే అని ఒక్కొక్కరినీ అడిగింది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగలదని నాకు తెలియదు.

ఆ వీడియోలో చెప్పింది అబద్ధమని కోడలితో అనబోయి ఆగాను. రోజూ కాదు, ఒక్క సాయంత్రం, అన్నాను. పిన్ని పోయి చాలాకాలమైంది. ఇప్పుడు సింహద్వారంలోంచి ఎవరైనా దర్జాగా వెళ్లవచ్చు, అందుకు సంతోషమే. దొడ్డి గుమ్మం మాత్రం గోడ కట్టి మూసేశారట. ఆ దారి తెలిసినవాళ్లలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను.