క్యారియర్ లేని సైకిలు మీద భావనపాడు దాకా

కొండను ఢీకొన్నాను. ఉప్పు మడులు దాటాను. సముద్రంతో తాడు లాగి గెలిచాను. ఇరవై ఒక్క గేర్ల కొండ సైకిలు మీద శ్రీకాకుళం జిల్లాను ఒక్క ఆదివారంలో జయించిన వైనం ఇది. ధైర్యం ఉన్నవాళ్ళు నా టైర్ల జాడ పట్టుకుని రావచ్చు.

ఇక నిజం చెప్తాను. కొండ మొదట్లోనే నన్ను వెనక్కి పంపేశారు. ఉప్పు మడుల్లో సైకిలు దిగి నడిచాను. దారిలో సగం దూరం సైకిలు బస్సు టాపు మీద, నేను బస్సులో కిటికీ పక్కన ప్రయాణించాం. సముద్రంతో తాడు లాగిన మాట నిజమే గాని లాగినవాళ్ళం ఇరవైమందిమి. నేను లేకపోయినా గెలిచేవాళ్ళు, బహుశా కాస్త తొందరగా.

నా ఉద్యోగం రైసు మిల్లుల్లో నల్లగింజలు ఏరే యంత్రాలను బాగుచేయడం. నెలలో ఇరవై రోజులు లాడ్జీల్లోనే ఉంటాను. ఏ లాడ్జీ గదిలోనైనా రెండు గంటలు దాటితే నా కాళ్ళు వాటంతటవే ఊగడం మొదలుపెడతాయి. రెండు వేల పదిహేడు డిసెంబరులో ఒక శనివారం తెల్లవారుజామున ఐదూ నలభైకి ఆమదాలవలసలో రైలు దిగాను. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. శ్రీకాకుళం అక్కడ లేదు, రోడ్డు మాత్రం ఉంది. ఆ రోడ్డున బస్సెక్కి శ్రీకాకుళం, అక్కడ బస్సు మారి ఏడున్నరకు నరసన్నపేట. మిల్లులో యంత్రం మూత తీసి చూస్తే లోపల బోర్డు కాలిపోయింది. కొత్తది సోమవారం గాని రాదు. తొమ్మిదింటికల్లా నాకు పని లేకుండా పోయింది.

లాడ్జీ పక్కన అప్పలనాయుడి జిరాక్సు కొట్టు ఉంది. ముందు జిరాక్సు, వెనక ఆయన భార్య కుమారి కుట్టు మిషను. రెండింటికీ మధ్య గోడకు ఆనించి ఒక కొండ సైకిలు. దాని హ్యాండిలు మీద ఉతికిన లంగాలు ఆరేసి ఉన్నాయి. రెండేళ్ళుగా అది చేస్తున్న పని అదేనట.

"అద్దెకిస్తారా?" అని అడిగాను.

అప్పలనాయుడు భార్య వైపు చూశాడు. ఆమె మిషను తొక్కడం ఆపలేదు.

"నన్నేటి సూస్తావు? రేపు నాలుగింటికి గున్నయ్య స్వామి వస్తన్నాడని సెప్పు."

సంగతేమిటంటే, మోటారు మిషను కొనుక్కోవడానికి కుమారి పైసా పైసా దాచిన పన్నెండు వేలతో అప్పలనాయుడు విశాఖపట్నం వెళ్ళి ఈ సైకిలు కొనుక్కొచ్చాడు. పొట్ట తగ్గిద్దామని. మూడు రోజులు తొక్కాడు. పొట్ట అలాగే ఉంది, ఆమె మోకాళ్ళు మాత్రం కాలి మిషను తొక్కీ తొక్కీ అరిగిపోయాయి. ఇన్నాళ్ళకు బజారులో కిరాణా కొట్టు గున్నయ్య సైకిలును ఎనిమిది వేలకు తీసుకుంటానన్నాడు. డాక్టరు ఆయన్ని సైకిలు తొక్కమన్నాడట. శ్రీకాకుళంలో కొట్టువాడు ఆ డబ్బుకే పాత మోటారు మిషను ఒకటి సోమవారం వరకూ అట్టేపెడతానన్నాడు. మాఘమాసం పెళ్ళిళ్ళ జాకెట్లు అప్పటికే గుట్టగా పడున్నాయి.

"మూడున్నరకే తెచ్చేస్తానండి," అన్నాను.

కుమారి అప్పుడు ఆపింది. "గీత పడకూడదు బాబూ. బురదైతే కడిగీసి తే. సొట్ట పడితే మటుకు నీ కంపెనీ కాడికొచ్చి కూకుంతాను."

రోజుకి రెండు వందలు. లంగాలు తీసి మడత పెట్టి సైకిలు అప్పగించారు. అప్పలనాయుడు మాత్రం వీధి చివరిదాకా నాతో నడిచొచ్చాడు.

"గేర్లు ఇరవై ఒకటి బాబు," అన్నాడు గర్వంగా. "నాను మూడే వాడినాను."

ఆదివారం ఉదయం ఆరూ పదికి టెక్కలి బస్సు. హైవే మీద లారీల పక్కన తొక్కడానికి నాకు సరదా లేదు. సైకిలును టాపు మీదికి ఎక్కించాం. కండక్టరు దానికి సామాను టికెట్టు కొట్టి, కిందనుంచి తలెత్తి చూశాడు.

"క్యారియర్ లేదేటి?"

"ఇది కొండలెక్కే సైకిలండి."

"కొండెక్కినా సామాను ఉంటాది కదా."

నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

ఏడింటికి టెక్కలిలో దిగి, మూడు ఇడ్లీ, ఒక గారె తిని, ఫోనులో మ్యాపు తెరిచాను. ముందురోజు లాడ్జీలో కూర్చుని, పైనుంచి తీసిన బొమ్మల్లో సన్నటి గీతలన్నీ వెతికిపెట్టుకున్నాను. పడమటివైపు ఒక కొండ, దాని మీదికి పాములా మెలికలు తిరిగిన తెల్లటి బాట. అంత అందమైన బాటను ఇంతవరకూ ఎవరూ తొక్కకుండా ఎందుకు వదిలేశారా అనుకున్నాను. ఎనిమిదింటికి కొండ దగ్గరకు చేరితే తెలిసింది. అది రాతి క్వారీ లారీల బాట. అడ్డంగా తాడు, తాడుకు ఎర్ర జెండా, జెండా పక్కన కుర్చీలో ఒక కాపలాదారు.

"ఎక్కడికెల్తన్నావు?"

"పైకి."

"ఎందుకు?"

"ఊరికే. ఎక్కి దిగుదామని."

ఆయన నన్ను, సైకిలును మార్చి మార్చి చూశాడు. "మందు పెట్టినారు. ఇంకాసేపట్లో పేల్సుతారు. పైకెల్తే నువ్వు దిగక్కర్లేదు, రాళ్ళతో పాటు నీ అంతట నువ్వే వచ్చీగలవు."

"ఆదివారం కూడానా?"

"రాయికి ఆదివారమేటి బాబు."

నా కొండ యాత్ర అంతటితో ముగిసింది. ఎత్తు ఎక్కడానికే ఉన్న మొదటి గేరు వాడే అవకాశం నాకు మళ్ళీ రాలేదు. తిరిగి లాడ్జీకి వెళ్ళిపోవచ్చు. కాని గదిలో ఫ్యాను, దాని చప్పుడు గుర్తొచ్చి సైకిలు తూర్పుకి తిప్పాను. కొండ కాకపోతే సముద్రం. సముద్రం దగ్గర ఎవరూ జెండా పట్టుకుని కూర్చోరు.

నౌపడా దాటగానే రోడ్డుకు రెండువైపులా ఉప్పు మడులు. అద్దాలు పరిచినట్టు నీళ్ళు, మధ్యలో గట్లు, గట్ల మీద తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు. మ్యాపులో నేను గుర్తు పెట్టుకున్న గీతల్లో నాలుగు ఈ గట్లే. తొమ్మిదిన్నరకు ఒకదాని మీదికి దిగాను. అడుగున్నర వెడల్పు, రెండు పక్కలా నీళ్ళు, మెత్తటి మట్టి. ఇదీ బాట అంటే, అనుకుని వంద గజాలు తొక్కానో లేదో ఉప్పు గీస్తున్న ఒకావిడ పలుగొర్ర ఎత్తింది.

"ఒరే బాబు, దిగు. గట్టు మెత్తగున్నాది, సక్రం దిగితే తెగిపోతాది. నీళ్ళు కలిసిపోతే నాలుగు దినాల ఎండ నువ్వు కాస్తావేటి?"

దిగాను. వెనక్కి చూస్తే నా చక్రం గట్టు మీద సన్నటి గాడి చేసింది. ఆవిడ వచ్చి కాలితో దాన్ని అదిమి పూడ్చింది. తరువాత సైకిలును చూసింది.

"మరి ఉప్పు బస్తా దేనిమీద పెడతావు?"

మిగిలిన గట్టంతా సైకిలును నడిపించుకుంటూ వెళ్ళాను. నిజానికి అక్కడ నడవడమే బాగుంది. ఆ మాట అప్పుడు ఒప్పుకోలేదు.

పదకొండు కావస్తుండగా సరుగుడు తోటల గుండా ఇసుక బాట దొరికింది. ఆ రోజు మొత్తానికి నేను తొక్కిన అసలైన బాట అదే. కింద సరుగుడు ఆకు దుప్పటిలా పరుచుకుని ఉంది, చక్రం చప్పుడు లేదు, తలమీద గాలి హోరు. మెలికలన్నీ తప్పులేకుండా తిప్పాను. పావుగంట. ఆ పావుగంటలో నా కాళ్ళు ఊగలేదు, వాటికి వేరే పని ఉంది. తోట దాటగానే భావనపాడు తీరం, తడి ఇసుక, ఎదురుగా సముద్రం. బాట అయిపోయింది. మళ్ళీ ఏం చేయాలో తెలియలేదు.

తీరంలో పెద్ద వల లాగుతున్నారు. వల దూరంగా నీళ్ళలో ఉంది, దాని రెండు తాళ్ళు ఒడ్డుకొచ్చాయి, ఒక్కో తాడుకీ పదిమంది. వెనక్కి అడుగులు వేస్తూ లాగుతున్నారు. తాడు చివరకు చేరినవాడు వదిలి, ముందుకొచ్చి మళ్ళీ పట్టుకుంటున్నాడు. సైకిలును ఒక పడవకు ఆనించి చూస్తూ నిలబడ్డాను. నేను చూస్తూ నిలబడగలిగేది రెండు నిమిషాలు.

"ఏటి బావ, అలగ నిల్సుండిపోనావు?" అన్నాడు ముందువరసలో ఉన్న ఎర్రయ్య. అందరూ ఆయన మాటకే అడుగు వేస్తున్నారు. "సేతులు ఊరకే ఉన్నాయి కదా. ఓ పట్టు పట్టు."

పట్టాను. మొదటి పది నిమిషాలు ఉత్సాహం. తరువాతి పది నిమిషాలు అరచేతులు. అరగంటకు ఫోను చూసుకుని, ఎవరికీ తెలియకుండా తాడు వదిలి పక్కకు జరిగాను. గంపల దగ్గర కూర్చున్న నూకాలమ్మ అనే ముసలావిడకు తెలిసిపోయింది. చేపలు కొనడానికి వచ్చిందామె.

"ఎక్కడికి బాబూ? తాడు ముట్టినోడు వల ఒడ్డుకొచ్చీదాక వదలకూడదు."

"నాకు బస్సుందమ్మా. సైకిలు అప్పగించాలి."

"ఎల్లు మరి. ఈ పూట సేపలు తక్కువొస్తే నీ పేరే సెప్పుకుంతారు. నీ పేరేటి?"

పేరు చెప్పకుండా మళ్ళీ తాడు పట్టుకున్నాను.

వల ఒడ్డుకు రావడానికి ఒంటిగంట దాటింది. చేపల్లో ఎక్కువగా కవళ్ళు, కొన్ని కానాగంతలు, ఒక గంపెడు గడ్డి, ఎవరిదో చెప్పు. ఎర్రయ్య కుప్పలు పోసి పంచాడు. నాకూ ఒక చిన్న కుప్ప వచ్చింది. వద్దన్నాను. లాడ్జీలో ఏం చేసుకోను?

అందరూ ఒక్కసారి నావైపు చూశారు.

"లాగినోడు వాటా వద్దంటే వల సిన్నబోతాది బావ," అన్నాడు ఎర్రయ్య నెమ్మదిగా. "పట్టికెల్లు."

నూకాలమ్మ చేపలను పాలిథిన్ కవరులో పోసి ముడివేసింది. సైకిలు వెనక చూసింది, ముందు చూసింది.

"క్యారియర్ లేదేటి?"

కవరు హ్యాండిలుకే తగిలించుకున్నాను. ఎదురుగాలిలో టెక్కలి చేరేసరికి మూడు కావస్తోంది. కవరుకు ఎక్కడో చిల్లు పడింది. నీచునీళ్ళు ముందు చక్రం మీద, అక్కడి నుంచి సైకిలంతా చిమ్మాయి. కడుగుదామంటే బస్సు కదులుతోంది. కండక్టరు పొద్దుటి ఆయనే.

"సేపలు లోపలికి తేకు. సైకిలుతోపాటు పైనే ఉండనీ," అన్నాడు. "అందుకే క్యారియర్ ఉండాలనీది."

నరసన్నపేటలో దిగేసరికి మూడూ యాభై. గీత లేదు, సొట్ట లేదు. నేను కొట్టు ముందు గర్వంగా బ్రేకు వేసినప్పుడు గున్నయ్య స్వామి అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నల్ల లుంగీ, నల్ల కండువా, మెడలో మాల, నుదుట విభూతి. అయ్యప్ప దీక్ష. డిసెంబరులో ఈ జిల్లాలో ప్రతి పదిమందిలో ఒకరు నల్లబట్టల్లో కనిపిస్తారు. ముందురోజు కుమారి ఆయన్ని స్వామి అన్నప్పుడు నేను అది ఇంటిపేరేమో అనుకున్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. హ్యాండిలుకు వేలాడుతున్న కవరును, సీటుకు అతుక్కున్న పొలుసులను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"స్వామి శరణం. నాను ముట్టుకోను బాబూ, మాలలో ఉన్నాను."

"కడిగేస్తానండి. సబ్బుతో."

"వాసన పోదు. శబరిమల ఎల్లొచ్చినాక సంక్రాంతి దాటనీ, అప్పుడు సూద్దాం." వెళ్ళబోతూ తల తిప్పాడు. "దీనికి క్యారియర్ కూడా లేదేటి?"

స్వామి వెళ్ళిపోయాడు. అప్పలనాయుడు జిరాక్సు మిషను మూత తెరిచి, మళ్ళీ మూశాడు. కుమారి జాకెట్ల గుట్ట వైపు ఒకసారి చూసి, మోకాలు పట్టుకుని లేచి, కవరు విప్పింది.

"కానాగంతలు. మంచివే," అంది. "సైకిలు ఎలాగూ అమ్ముడుపోలేదు, ఇవైనా పాడైపోకూడదు."

చేపలు తీసుకుని లోపలికి వెళ్ళింది. లోపల కత్తిపీట చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వింటూ అరుగు మీద కాసేపు కూర్చున్నాను. కాళ్ళు ఊగలేదు. నా జేబుకు అది మంచి సూచన కాదు.

"ఎనిమిది వేలకు నేను తీసుకుంటానండి," అన్నాను గుమ్మం దగ్గర నిలబడి.

కత్తిపీట ఆగింది. "జాలి పడతన్నావేటి?"

"లేదండి. వాసన నేను తెచ్చిందే కదా."

ఆమె పొలుసులంటిన చేతులు తుడుచుకుంది. "మరైతే రెండు వందల అద్దె మినహాయించుకో. నీ సైకిలుకి నువ్వెందుకు అద్దె కడతావు?" అంది. తరువాత అప్పలనాయుడి వైపు తిరిగి, "ఈసారి డబ్బు నా సేతికి," అంది.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే చేపల పులుసుతో అన్నం. నూకాలమ్మ చెప్పింది నిజమే, వాటా వద్దనకూడదు.

సోమవారం బోర్డు వచ్చింది, యంత్రం మళ్ళీ నల్లగింజలు ఏరడం మొదలుపెట్టింది. మంగళవారం మధ్యాహ్నం బయల్దేరబోతుంటే జిరాక్సు కొట్టు వెనక నుంచి మోటారు రొద. కుమారి చేయెత్తి ఆగమంది. జాకెట్లకు కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ కలిపి ఒక సంచీ కుట్టి ఉంచింది. ఎరుపు, పసుపు, నెమలికంఠం రంగు, హ్యాండిలుకు కట్టుకోవడానికి రెండు తాళ్ళు. మోటారు మిషను మీద మొదటి కుట్టు అదేనట.

"పెళ్ళిజాకెట్లు ఉండగా ఇదెందుకండి ముందు?"

"మరి క్యారియర్ లేదు కదా," అంది.

ఆమదాలవలసలో సైకిలును పార్సిలు ఆఫీసులో బుక్ చేశాను. పార్సిలు గుమాస్తా ఏం అడిగాడో మీకు తెలుసు. రైలు కదిలాక కిటికీలోంచి చాలాసేపు గట్లు, తోటలు కనిపించాయి. ప్రతి గీతా తొక్కడానికి బాగుంటుందనిపించింది. ఏ గీత ఎవరి గట్టో మాత్రం మ్యాపులో పైనుంచి చూస్తే కనిపించదు. ఎదురు సీటులో పెద్దాయన నా చేతుల దగ్గర ముక్కు ఎగబీల్చి, "భావనపాడేనా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా పడుకున్నాడు.

ఇల్లు చేరాక విజయవాడలో మెకానిక్కును అడిగి కనుక్కున్నాను. వెనక చక్రానికి డిస్కు బ్రేకు ఉన్న సైకిలుకు మామూలు క్యారియర్ బిగించడం కుదరదట. సంచీయే గతి. రెండు కేజీలు దాటితే హ్యాండిలు ఎడమకు లాగుతుంది.