సవరించని పట్టీ

2020 అక్టోబరులో నేను సూరత్‌లోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చుకు ప్లేట్లు తయారుచేసే విభాగానికి ఇన్‌చార్జిని. లాక్‌డౌన్ సడలగానే చీరల కేటలాగులు ఒక్కసారిగా మీద పడ్డాయి. కేటలాగులో మోడల్ ముఖం పాలిపోతే చీర ఎంత బాగున్నా వ్యాపారి కట్టలన్నీ వెనక్కి పంపేస్తాడు.

నాలుగు రంగుల అచ్చు మిషన్ మీద పోశెట్టి ఉండేవాడు. జగిత్యాల వైపు నుంచి మగ్గం పనికి వచ్చి, ప్రెస్సులో స్థిరపడిన మనిషి. నా ప్లేటులో లోపం కనబడితే మిషన్ ఆపి, ప్లేటు తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్ళేవాడు. యజమాని సేఠ్ తిట్లకైనా ఓర్చుకునేవాణ్ణి గాని, ఆ మౌనానికి నాకు ముచ్చెమటలు పట్టేవి. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి.

ఆగస్టులో ఆయనకు కరోనా వచ్చింది. కోలుకుని వచ్చాక కిరోసిన్ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన తెలిసేది కాదు. ఆ తర్వాతే అచ్చులో తేడాలు మొదలయ్యాయి. కొన్ని ఫారాల్లో, అంటే అచ్చయిన పెద్ద కాగితాల్లో, ముఖాలు పాలిపోయేవి. రంగు తేవాలని ఆయన సిరా పెంచితే నల్లటి అంచులు ముద్దకట్టేవి. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "వాసన పోయింది సారూ, గట్లనే రంగు గుడ పోయినట్టున్నది. సేఠ్‌కు చెప్పకు జర," అన్నాడు.

నాకు జాలి వేసింది. జాలితో చేయకూడని పని చేశాను.

కాగితం మీద సిరా కొంత పరుచుకుంటుంది కనుక, బొమ్మను ఏర్పరిచే సన్నటి చుక్కలను ప్లేటు మీదే ముందుగా కొంత చిన్నవి చేస్తాం. ఆ తగ్గింపు లెక్కను కర్వ్ అంటాం. ఆయనకు చెప్పకుండా నేను ఆ కర్వ్‌ను మార్చి, ముఖాలు కాస్త ముదురుగా వచ్చేలా చేశాను. దాంతో ఉదయం వేసిన ఫారాలు ఎర్రబడ్డాయి, మధ్యాహ్నానివి సరిగా వచ్చాయి. మరునాడు ఇంకోలా మార్చాను. ఒకే మనిషి చేతిలో పూటకో రంగు వస్తుంటే సేఠ్‌కు అనుమానం రాక ఏం చేస్తుంది? ఊరి పక్కనున్న కామ్‌రేజ్ నుంచి కొత్త ఆపరేటర్ని పిలిపిస్తానన్నాడు. పోశెట్టి బైండింగులో ఫారాలు మడతపెట్టుకుంటానని చెప్పి ఇంటికి వెళ్ళినవాడు రెండు రోజులు రాలేదు.

ఆ రెండు రోజుల్లో నా ప్లేట్లనే కొలిచి చూద్దామనుకున్నాను. ప్లేటు అంచున చుక్కల శాతాలు కొలిచే గళ్ళ పట్టీ ఒకటి ఉంటుంది. మా పద్ధతిలో అదీ కర్వ్ గుండానే వెళ్ళి, దాని చుక్కలూ చిన్నవయ్యేవి. కొలత ఎంత వచ్చినా కర్వ్ వల్లేలే అనుకునేవాళ్ళం. పైగా దాన్ని నేనే ఇన్నిసార్లు కెలికాక, ఎంత రావాలో నాకే తెలియని స్థితి. చివరికి కర్వ్ అంటని రెండో పట్టీని ప్లేటు అంచున చేర్చాను. అందులో యాభై శాతం గడి ప్లేటు మీద యాభైగానే రావాలి. ఇక సాకులకు చోటు లేదు.

ఉదయం యాభై వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి నలభై నాలుగు వచ్చింది.

ప్లేట్లను కడిగే డెవలపర్ ద్రావణం తొట్టిలో థర్మామీటరు ముంచాను. ప్లేట్ మిషన్ మీటరు చూపేదానికన్నా ఐదు డిగ్రీలు ఎక్కువ. చల్లబరిచే యూనిట్ మధ్యాహ్నానికల్లా చేతులెత్తేస్తోంది. వేడెక్కిన ద్రావణం చుక్కల అంచులను తినేస్తోంది. తప్పు నా గదిలో ఉంది.

సేఠ్‌కు సంగతి చెప్పి, ఉదయపు ప్లేటు నుంచి ఒకటి, మధ్యాహ్నపు ప్లేటు నుంచి ఒకటి ఆ కొత్త పట్టీలను కత్తిరించి, కాగితంలో చుట్టుకుని పోశెట్టి ఉండే లింబాయత్ పేటకు వెళ్ళాను. ఆయన భార్య నాకు గల్లీలో దూరంగా కుర్చీ వేసింది. ఆయన గడప మీద కూర్చున్నాడు, మాస్కు పైన కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. ఏమీ చెప్పకుండా పట్టీలూ భూతద్దమూ ఇచ్చాను.

యాభై దగ్గర చుక్కల మూలలు ఒకదానికొకటి తాకాలి. ఆయన ఒక పట్టీని చాలాసేపు, రెండోదాన్ని క్షణంసేపు చూశాడు.

"దీంట్ల చుక్కలు బక్కవడ్డయి. ఒకదాన్నొకటి అంటుకుంటలేవు. ఏందిది, డెవలపర్ తిన్నదా?"

అవునన్నాను. నీ కళ్ళకేమీ కాలేదు పోశెట్టీ అన్నాను. లోపల నుంచి ఆయన భార్య ఏడుపు వినబడింది. అప్పుడు కర్వ్ సంగతి కూడా చెప్పేశాను. ఆయన భూతద్దం తుడిచి తిరిగి ఇచ్చాడు.

"నేను ఆగమైతుంటే మంచే సెయ్యవోయినవ్ సారూ. కని నీకు గుడ నా కన్ను మీద నమ్మకం లేకపాయె."

మరునాడు పనిలోకి వచ్చాడు. నా రిటైర్మెంటు దాకా నేను ఆ రెండో పట్టీ లేకుండా ఒక్క ప్లేటునూ గది దాటనివ్వలేదు. నేను నేర్చుకున్నది ఇది: తోటివాడి పనిలో లోపం ఉందనిపిస్తే ముందు కొలవాలి, తర్వాత అతనికే చెప్పాలి. నేను రెండూ చేయలేదు. ఆయన తన కళ్ళను తాను నమ్మని ఆ రోజులకు సగం కారణం పాడైన ప్లేట్ మిషన్, మిగతా సగం నేను.