గంగలో కలపబోయిన లండన్ పత్రికలు

ఇన్సేన్ స్టేషన్‌కి ఏడూ యాభైకి రావలసిన రైలు ఎనిమిదీ పదికి వచ్చింది. టికెట్టు బర్మా డబ్బులో రెండు వందల చాట్లు. యాంగోన్ నగరాన్ని చుట్టి వచ్చే రైలు ఇది. నగరం నడిబొడ్డున చౌక్తడా వైపు వెళ్లేవాళ్లకు బస్సుకన్నా ఇదే నయం; కిటికీ పక్కన చోటు దొరికితే గాలి కూడా వస్తుంది. ఏడు నెలల పాపను అత్తగారికి అప్పజెప్పి ఇంత దూరం రావడం నాకు ఇదే మొదటిసారి. ముందురోజు నుంచి దానికి ఒళ్లు వెచ్చగా ఉంది. ప్రయాణం మానుకుందామంటే కుదరదు. మధ్యాహ్నం రెండు గంటల పడవలో సింహాద్రమ్మ మామ్మ తన ఇంట్లోని పాత కాగితాల మూటను నదిలో వదిలేస్తుంది.

మామ్మ మా ఆయనకు దూరపు చుట్టం. ఆవిడ తాత విశాఖపట్నం వైపు నుంచి రేవు పనికి వచ్చి, తర్వాత ఒక యూదు యజమాని అచ్చాఫీసులో కాపలాకి కుదిరాడు. ఆ యజమాని కుర్రతనంలో లండన్‌లో అక్షరాలు కూర్చే పని చేశాడట. యుద్ధం వచ్చి ఊరు విడిచిపోతూ ఒక మూట తాత చేతిలో పెట్టి, జాగ్రత్తగా ఉంచమన్నాడు. తెలియని లిపి. యజమాని రెండు చేతులా పట్టి ఇచ్చాడు. వాళ్ల దేవుడి గ్రంథమే అయి ఉంటుందని తాత దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి అలమరలో పెట్టాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో రోజూ దానికీ దీపం పెడుతున్నారు.

పోయిన నెల నేను ఒక కాగితం ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెడితే, లండన్ నుంచి ఒక పరిశోధకురాలు రాసింది. అది గ్రంథం కాదు. విక్టోరియా రాణి కాలంలో తూర్పు లండన్‌లోని యూదు దర్జీలూ కూలీలూ తమ భాషలో నడుపుకున్న విప్లవ పత్రిక. నడిపినవాళ్లు దేవుణ్ణి నమ్మనివాళ్లు. ఆ వీధుల్లోనే ఎవరో పేద ఆడవాళ్లను వరుసగా చంపారు. హంతకుడు దొరకలేదు; అనుమానం మాత్రం యూదుల మీదికి మళ్లింది. ఆ వారాల్లో ఆ వీధులవాళ్లు ఏం చూసి ఏం రాసుకున్నారో ఆమెకు కావాలి. ఆమె వెతుకుతున్న సంచికలు ఇంకెక్కడా దొరకలేదట.

ఇంతలో మామ్మ ఉంటున్న భవనం పడగొడతామన్నారు. ఆవిడ నది అవతల ట్వంటేలో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. అక్కడ అంత అలమర లేదు. పాడైపోయిన దేవుడి పటాలను నీళ్లలో వదిలినట్టే మూటనూ వదిలేస్తానంది. ఫోటోలు తీసుకుంటానంటే సరేనంది. అదేమిటో ఆవిడ అడగలేదు, నేను చెప్పనూ లేదు.

రైల్లో ఎదురుగా కూర్చున్న సొరకాయల బుట్ట ఆవిడ, పాలు కారి నా జాకెట్టు తడవడం చూసి తన తువ్వాలు ఇచ్చింది. పిల్ల వయసెంతని బర్మీస్‌లో అడిగింది. ఏడు నెలలన్నాను. అంత చిన్నదాన్ని వదిలి వచ్చేంత ముఖ్యమైన పనేమిటంది. నేను తువ్వాలు సర్దుకుని కిటికీ వైపు తిరిగాను.

తొమ్మిదీ పదికి దిగాను. స్టేషన్ బయట నిలబడే చేప పులుసు పోసిన సేమ్యా, మొహింగా తిని, చౌక్తడాకి ఇరవై నిమిషాలు నడిచాను. ఈ పాత భవనాలకు వెళ్లేవాళ్లు మెట్లెక్కి తలుపు కొట్టనక్కర్లేదు. బాల్కనీల నుంచి వీధిలోకి తాళ్లు వేలాడుతుంటాయి. మనకు కావలసిన తాడు లాగితే పైన గంట మోగుతుంది. మామ్మ తాడు చివరి క్లిప్పుకి తాళంచెవి తగిలించి కిందికి దించింది. మూడో అంతస్తుకి చేరేసరికి నాకు ఆయాసం వచ్చింది.

కరెంటు లేదు. బాల్కనీలో చాప పరిచి, వెలుతురుండగానే ఫోటోలు మొదలుపెట్టాను. కాగితం అంచులు ముట్టుకుంటే రాలుతున్నాయి. మొదటి పేజీ మీద పసుపు బొట్టు, దాని కింద కుంకుమ. పదకొండున్నరకు ఇంటికి ఫోన్ చేశాను, అప్పటికి నాలుగోసారి.

"నూటొకటి ఉన్నాది. పెరగలేదు, తగ్గలేదు. నువ్వు గంటకోపాలి ఫోన్ సేత్తే జొరానికేటి తెలుస్తాది?" అన్నారు అత్తగారు.

ఫోన్ పెట్టేసరికి మామ్మ పక్కన వచ్చి కూర్చుంది.

"సదువుకున్నదానివి కదే అమ్మా. గంగలో కలిపేముందు ఒక్క ముక్క సదివి ఇనిపించు. ఇన్నేల్లు దీపమెట్టినాం గానీ, ఈ దేవుడి మాట ఒక్కపాలీ ఇన్లేదు."

ఆ భాష నాకు రాదు. నోటికొచ్చిన స్తోత్రం ఏదైనా చదివేస్తే సరిపోయేది. నిజం చెబితే చావు సంగతి ఇంట్లో ఉండకూడదని ఆవిడ మూటను అప్పటికప్పుడు వీధిలో పడేయవచ్చు. ఇంకా సగం సంచికలు మిగిలే ఉన్నాయి. కానీ ఇంట్లో బిడ్డకు జ్వరం, ఎదురుగా వెలుగుతున్న దీపం. అబద్ధానికి నోరు రాలేదు.

"మామ్మా, ఇది దేవుడిది కాదు" అన్నాను. మిగిలినదీ చెప్పేశాను.

ఆవిడ పసుపు గుడ్డను ఒళ్లోకి లాక్కుంది. "దేవుడే లేడన్నోలా? మరి నానెట్టిన అరటిపల్లన్నీ ఎవురు తిన్నట్టు?" అని నవ్వింది. తర్వాత అడిగింది: "ఆ ఆడోలు... పిల్లల తల్లులా?"

"కొందరు."

"సంపినోడు దొరికినాడా?"

"లేదు మామ్మా."

ఆవిడ లేచి స్నానాల గదిలోకి వెళ్లింది. లోపల నీళ్ల చప్పుడు. చావు కబురు విన్నవాళ్లు చేసే స్నానం అది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను. గబగబా తీసిన ఫోటోల్లో రెండు మసకగా వచ్చాయి.

తడి జుట్టుతో వచ్చి ఆవిడే మూట కట్టింది. కుంకుమ ఉన్న మొదటి పేజీని చీర కొంగుతో తుడవబోయి, కాగితం చిరుగుతుందని ఆగింది.

"దేవుడిదైతే గంగలో కలపాల. సచ్చినోలదైతే అడిగినోలకి ఇయ్యాల. ఇన్నేల్లకి ఒకలు అడగతన్నారు కదా, పట్టికెల్లి ఆలకే పంపు. నీ ఇంట్లోకి మాత్రం తేకు, సంటిది ఉన్నాది. పాలిచ్చేముందు నెత్తి మీంచి తానం సెయ్యి."

ఒంటిగంటన్నరకు, పడవకి బయలుదేరుతున్న ఆవిడ కాళ్లకు దండం పెట్టి దిగాను. స్టేషన్ దగ్గర సంచులు చూస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు కుర్ర సిపాయి గుడ్డ విప్పి, ఇవి ఏ భాషని అడిగాడు. యూదులదని చెప్పాను. ఎప్పటివన్నాడు. మన తాతలు పుట్టకముందువన్నాను. విప్లవ పత్రికలన్న మాట మాత్రం అనలేదు. రెండు పేజీలు తిప్పి, వేళ్లకు అంటిన పసుపు ప్యాంటుకి తుడుచుకుని వదిలేశాడు.

రెండూ ఇరవై రైలు. ఒడిలో మూట, బరువెక్కిన రొమ్ములు. ఉదయం తువ్వాలు ఇచ్చినావిడ అడిగినదానికి ఇప్పుడు జవాబు ఉంది గానీ చెప్పడానికి ఆవిడ లేదు. ఆ ఆడవాళ్ల గురించి ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. వాళ్లకోసం ఒక ముసలమ్మ ఈ రోజు తలస్నానం చేసింది.

ఇన్సేన్‌లో దిగి, రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర, అక్కడ పనిచేసే మా ఆయనకు మూట ఇచ్చి, ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయమన్నాను. ఇంటి ముందుకు వచ్చేసరికి లోపల పాప ఏడుపు. జ్వరం తగ్గిందంటూ అత్తగారు తలుపు తీశారు. నేను లోపలికి అడుగు పెట్టలేదు. కాలేజీలో చదువుకున్నదాన్నే. అయినా పెరట్లోకి వెళ్లి, ఆ ఏడుపు వింటూనే, జుట్టంతా తడిసేదాకా నీళ్లు పోసుకున్నాను.