ముఖం చూసి వినడం నేర్చుకున్నాను

హిందూపురం స్టేషన్లో ఇంజను కూస్తే మా గుడిబండలో కోళ్ళు ఉలిక్కిపడేవి. ఆ పొద్దు మాత్రం బట్టల మూటల కోసం పోయి నేను పక్కనే నిలబడినా, అంత పెద్ద ఇంజను కూతా నాకు దోమ పాటలా వినిపించింది. టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు అప్పుడే ముగిశాయి. ఊపిరితిత్తులు లేచి కూర్చున్నాయి, చెవులు పడుకున్నాయి.

బేరం వినపడకపోతే మా బట్టల అంగడి నడిచేదెలా? "అంగడి తమ్మునికి అప్పజెప్పు నాయనా," అని మా అవ్వ నా చెవిలో అరిచింది. ఊరంతా విన్నాక చివరికి నేను విన్నాను.

పెనుకొండలో, మిలిటరీలో పనిచేసి వచ్చిన చెవి డాక్టర్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా చెవి దగ్గర పెట్టి చూశాడు. "నర్వ్ డెఫ్‌నెస్. ఆ ఇంజెక్షన్లకు చెవి నరం దెబ్బతినింది. మందు లేదు. ఉన్న వినికిడితోనే నెట్టుకు రావాల." తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, నిదానంగా చెప్పాడు. "యుద్ధంలో సింగపూర్‌లో ఉంటి. చైనా భాషలో రాగం మారితే మాటకు అర్థమే మారుతుంది. బజారు గోలలో ఆ రాగం నాకు అందేది కాదు. చెప్పేవాని ముఖం చూస్తే అందేది. రాగం దిగి లేస్తే వాని తల కూడా దిగి లేచేది. నువ్వూ ముఖాలు చూడప్పా."

చూశాను. అంగడికొచ్చిన ప్రతి ముఖాన్నీ జాతకం చూసినట్టు చూశాను. కొత్తచెరువు నుంచి వచ్చినామె చీర విసిరేసి, "ఏమప్పా, చీర చూపించమంటే నా మొగం చూస్తాండావు?" అంది. అది మాత్రం అక్షరం పోకుండా వినిపించింది. ఆడవాళ్ళంతా ఎదురంగడికి పోయారు. నా చోట తమ్ముడు కూర్చున్నాడు.

ఇక ఇంట్లోనే సాధన చేయాలి. కానీ మా ఇంట్లో పెద్దల ముందర కోడలు మొగుడితో తలుపు చాటు నుంచే మాట్లాడాలి. పెళ్ళైనప్పటి నుంచి నా భార్య రంగమ్మ ముఖం కంటే ఆ తలుపునే నేను ఎక్కువ చూశాను. ఒకరోజు ఆమె తలుపు దాటి వచ్చి, నా ఎదురుగా పీట వేసుకుంది.

"పెద్దోళ్ళ ముందర ఇదేం కూర్చునేదే?" అంది అవ్వ.

"ఆయనకు ఇప్పుడు నా మొగమే చెవి, అవ్వా. దాన్ని తలుపెనక పెట్టుకోని ఏం చేద్దును?"

అవ్వ నోరు మూయించిన మనిషి మా వంశంలో ఆమె ఒక్కతే.

"చాలు" అనే మాటను రంగమ్మ విసుగ్గా, కోపంగా, మురిపెంగా అనేది. అది ఏ "చాలు"నో నేను తప్పు చెబితే మజ్జిగ పోసేది కాదు. రానురాను, ఆమె గడ్డం లేచే తీరుకు నా చెవిలో మిగిలిన కాస్త వినికిడి తోడై, రాగం దానంతటదే తెలిసేది.

తమ్ముణ్ణి వెంటబెట్టుకుని సరుకు కొనడానికి ధర్మవరం పోయాను. "ఇంతకు తగ్గదు," అన్నాడు పట్టుచీరల షావుకారు. తమ్ముడు లేవబోయాడు. మాట గట్టిగానే ఉంది, షావుకారు కనుబొమ్మలు మాత్రం బతిమాలుతున్నాయి. నేను బండరాయిలా కూర్చున్నాను. షావుకారు తగ్గాడు. బయటికొచ్చాక తమ్ముడు నా ఎదుటికొచ్చి నిలబడి, "గల్లాపెట్టె కాడ నువ్వే కూర్చో అన్నా," అన్నాడు.

ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర నేను, నా పక్కన రంగమ్మ. ఆడవాళ్ళు తిరిగి వచ్చారు. అవ్వ కూడా నన్ను తిట్టాలంటే ఎదురుగా వచ్చి తిడుతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా చెవి మందగిస్తే వెనక నుంచి అరవకండి. ఎదురుగా కూర్చోండి. దీపాన్ని వాళ్ళ ముఖం దగ్గర కాదు, మీ ముఖం దగ్గర పెట్టుకోండి.