నిర్గమకాండం దగ్గర ఆగిన పాఠం

ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె చేసిన రోజుల్లో బస్సులు నడవలేదు. గూడూరు నుంచి మానుకోటకు షేర్ ఆటోలో, వెనక కాళ్లు వేలాడేసుకుని వచ్చేదాన్ని. దిగేసరికి జుట్టు నిండా దుమ్ము. అప్పటికే అలసిపోయి ఉండేదాన్ని, పాఠం ఇంకా మొదలే అయ్యేది కాదు.

ఊళ్లో బళ్లన్నీ మూతపడ్డా మా పాస్టర్ గారింట్లో చదువు ఆగలేదు. పదిహేనేళ్ల కూతురినీ, ఆమె తమ్ముణ్ణీ ఆయన మొదటి నుంచీ ఇంట్లోనే చదివించేవారు. విదేశాల నుంచి అట్టపెట్టెలో వచ్చిన పుస్తకాల్లో ప్రపంచ చరిత్ర ఆదాముతో మొదలయ్యేది. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నానని దాన్ని తెలుగులో చెప్పే పని నాకిచ్చారు. నలుగురిలో నోరు విప్పలేని నేను ఇద్దరు పిల్లలకైతే చెప్పగలననుకున్నారేమో. పాత చర్చి క్యాలెండర్లను తిరగేసి అతికించి, గోడ పొడవునా కాలరేఖ గీసుకున్నాం. జలప్రళయం దాటాం, బాబెలు దాటాం, ఐగుప్తు, అంటే ఈజిప్టు, చేరాం.

పాస్టర్ గారిది గుంటూరు వైపు. పిల్లలు పుట్టింది, పెరిగింది మానుకోటలోనే. సమ్మెకు మద్దతుగా జనం రోడ్డు మీదే వండుకుని తినే వంటావార్పు నిరసనకు పోతానని అమ్మాయి పట్టుబట్టడంతో, ఆమెను గుంటూరులో నాయనమ్మ దగ్గర ఉంచుదామని ఆయన అనుకున్నారు. అది ఉత్త బెదిరింపు కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఆడ నేను నోరు తెరిస్తే నవ్వుతరక్కా," అంది నాతో. "సినిమాల రౌడీ లెక్క మాట్లాడుతదంటరు. నేను పోను."

ఆ రోజు బైబిల్లోని నిర్గమకాండం నుంచి, ఐగుప్తు రాజు ఫరో కింద ఇశ్రాయేలీయులు చేసిన వెట్టిచాకిరీ పాఠం; మోషే వాళ్లను విడిపించే కథ దాని తర్వాతే. పుస్తకం తెరుస్తుండగా పాస్టర్ గారు గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా, నిర్గమకాండం ప్రస్తుతానికి వదిలేయండి. రోము మొదలుపెట్టండి."

నేను తల వంచుకున్నాను. సమ్మె మొదలయ్యాక ఆదివారం ప్రసంగంలో కూడా ఆయన మోషే పేరు ఎత్తలేదని అప్పుడు తట్టింది. ఫరో అనగానే సంఘంలో ఎవరు ఎవరి వైపు చూస్తారోనన్న జంకు అయి ఉంటుంది.

"ఎందుకు డాడీ?" అన్నాడు తమ్ముడు. "ఫరో అంటే నువ్వే అనుకుంటమనా?"

"నోర్ముయ్."

"ఫరో ఇంట్ల దినాం పచ్చిపులుసే ఉంటదారా?" అంది అక్క.

ఆయనకు నవ్వొచ్చింది గానీ మింగేశారు. అమ్మాయి మాత్రం ఆగలేదు.

"ఆడికి పోతే తెలంగాణ పిల్లంటరు. ఈడ ఆంధ్రా పాస్టర్ బిడ్డంటరు. మరి నన్నెందుకు పంపుతున్నవ్?"

ఆయన గుమ్మానికి ఆనుకున్నారు.

"రేపెవరన్నా మనింటి ముందుకొచ్చి నన్ను పొమ్మన్నారనుకో," అన్నారు మెల్లగా. "ఆ గుంపులో నిన్ను చూడలేనమ్మా."

"నేనెట్లుంట డాడీ గా గుంపుల? నిన్ను పొమ్మంటే నన్ను గూడ పొమ్మన్నట్టే కదా."

ఆయన వచ్చి చాప మీద, పిల్లల పక్కనే కూర్చున్నారు.

"గుంటూరు మాట ఇక ఎత్తను. రోడ్డు మీదికి మాత్రం వద్దు."

"చూద్దాం," అంది.

"చూద్దాం కాదు."

"సరే."

ఆ సరే అన్నదాంట్లో ఎంత సరే ఉందో నాకూ తెలియలేదు, ఆయనకూ తెలిసి ఉండదు. "చదవండమ్మా, నిర్గమకాండమే," అన్నారు నా వైపు తిరిగి.

పెద్దవాళ్ల ముందు నేనెప్పుడూ పాఠం చెప్పలేదు. ఇటుకలు, గడ్డి, పనివాళ్ల మీద అధికారులు, ఇలా రెండు పేరాలు చదివేసరికి దుమ్ము పట్టిన గొంతు పూర్తిగా పోయింది. దగ్గు ఆపుకోలేకపోయాను. ఆయన పుస్తకం అందుకోకుండానే, కళ్లు మూసుకుని, ఆ వెట్టి కథను గుంటూరు యాసలో చెప్పసాగారు. పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. నేను గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకున్నాను.